ఒకే శిఖరం, మూడు సీజన్లు: ఫ్రెండ్‌షిప్ పీక్‌పై ఒక కేస్ స్టడీ

నేను ట్రెక్ లీడర్‌ని. తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చే చిన్న చిన్న బృందాలను హిమాలయాలకు తీసుకెళ్లడం నా పని. "ఏ నెలలో వెళ్తే మంచిది?" అనేది అందరూ అడిగే మొదటి ప్రశ్న. చాలాకాలం నేను ఒక నెల పేరు చెప్పి ఊరుకునేవాణ్ని. ఆ అలవాటు మార్చిన కేసు ఇది. సంబంధించిన వ్యక్తి అనుమతితోనే రాస్తున్నాను. పేరు, ఊరు, ఏ సంవత్సరమో తీసేశాను. ఇక్కడ ఆయన్ని మాస్టారు అంటాను, నేను పిలిచేదీ అలాగే.

నేపథ్యం

మొదటిసారి నాకు ఫోన్ చేసినప్పుడు మాస్టారికి 46 ఏళ్లు. కోస్తాలో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. బీపీ, షుగర్ లేవు, రోజూ పొద్దున్నే ఐదారు కిలోమీటర్లు నడుస్తారు. ఒక సంక్రాంతి సెలవుల్లో కేదార్‌కాంత (3,810 మీటర్లు) ఎక్కారు. మరుసటి వేసవిలో హిమాచల్‌లోని మనాలీ వెళ్లి బియాస్ కుండ్ దాకా నడిచారు. అక్కడి నుంచి చూస్తే పీర్ పంజాల్ శ్రేణిలో హనుమాన్ టిబ్బా, దాని చుట్టుపక్కల శిఖరాలు వరసగా కనిపిస్తాయి. వాటిలో ఒకదాన్ని గైడ్ చూపించి "దానిపైకి మీలాంటివాళ్లు కూడా వెళ్తుంటారు" అన్నాడట. అదే ఫ్రెండ్‌షిప్ పీక్, 5,289 మీటర్లు. అప్పటి నుంచి మాస్టారి మనసు దాని మీదే ఉండిపోయింది.

ఇది మామూలు ట్రెక్ కాదు. క్రాంపాన్స్ (బూట్ల కింద బిగించే ఇనుప పళ్లు), ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి), హార్నెస్ (రోప్ తగిలించడానికి నడుముకు కట్టుకునే పట్టీ), రోప్ కావాలి. అలాగని ఏళ్ల తరబడి శిక్షణ కావాల్సిన శిఖరమూ కాదు. సరైన మంచు, ఓపికున్న కాళ్లు, మంచి గైడ్ ఉంటే పట్టుదల ఉన్న ట్రెక్కర్ ఎక్కగలడు. ఆ "సరైన మంచు" అన్న మాట దగ్గరే నేను రెండుసార్లు పొరపడ్డాను.

అడిగింది ఏమిటి

"తమ్ముడూ, నాకు ఏడాదిలో మూడే ముక్కలున్నాయి. వేసవి, దసరా, సంక్రాంతి. వీటిలో ఏది మంచిదో చెప్పు" అన్నారు.

మన దగ్గర ఉద్యోగస్తుల ట్రెకింగ్ అంతా ఈ మూడు సెలవుల చుట్టూనే తిరుగుతుంది. ఇందులో సంక్రాంతిని వెంటనే కొట్టేశాం. కేదార్‌కాంతకు జనవరి బాగుంటుంది, ఎందుకంటే ఎత్తు తక్కువ, వెళ్లేదే మంచు కోసం. అదే జనవరిలో ఫ్రెండ్‌షిప్ పీక్‌కి వెళ్లే సోలాంగ్ లోయ పైభాగంలో నడుముల్లోతు మంచు, మంచు చరియల భయం. జులై, ఆగస్టు మాస్టారికి ఎలాగూ సెలవులు లేవు, ఉన్నా నేను వద్దనేవాణ్నే. పీర్ పంజాల్ దక్షిణపు వాలు రుతుపవనాలకు ఎదురుగా నిలబడుతుంది. 2023 జులైలో బియాస్ పొంగి కులు, మనాలీ రోడ్లు కొట్టుకుపోవడం అందరం టీవీల్లో చూశాం.

ఇక మిగిలింది మే, దసరా. మాస్టారు మే వైపు మొగ్గారు. "ఎవరెస్ట్‌ని మేలోనే కదా ఎక్కుతారు? మన పూర్ణ ఎక్కింది కూడా మే 25నే" అన్నారు. మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాట నిజమే. కానీ ఎవరెస్ట్‌కి మే ఎందుకో అప్పుడే నేను విడమరిచి చెప్పాల్సింది. అంత ఎత్తులో శీతాకాలమంతా జెట్ స్ట్రీమ్ అనే అతివేగపు గాలులు శిఖరాన్ని కొడుతూ ఉంటాయి. రుతుపవనాలు రాకముందు, మే రెండో సగంలో ఆ గాలులు ఉత్తరానికి జరుగుతాయి. ఆ కాస్త సందులో ఎక్కుతారు. అక్కడి సమస్య గాలి. 5,289 మీటర్ల దగ్గర సమస్య కాళ్ల కింద ఉంటుంది. ఇది నేను చెప్పలేదు. "మే బాగానే ఉంటుంది మాస్టారూ, మంచు కూడా ఉంటుంది" అన్నాను.

తెలుగులో మనకు మంచు అనేది ఒకటే మాట. తెల్లారి పొలాల మీద కమ్మేదీ మంచే, ఆకాశం నుంచి రాలేదీ మంచే, గాజులా బిగుసుకుపోయిన గడ్డా మంచే. "మంచు ఉంటుందా?" "ఉంటుంది." ఆ ఫోన్ సంభాషణలో మేమిద్దరం వేర్వేరు మంచుల గురించి మాట్లాడుకున్నామని తర్వాత అర్థమైంది.

మొదటి ప్రయత్నం: మే రెండో వారం

మార్చిలో ఇంటర్ పరీక్షల డ్యూటీ, ఏప్రిల్లో స్పాట్ వాల్యుయేషన్. మాస్టారికి బరువు వేసుకుని నడవడానికి దొరికింది పన్నెండు రోజులు. అప్పటికే ఎండ మొదలైపోయింది. ఈ సంగతి ఆయన చెప్పారు, నేను పట్టించుకోలేదు. రోజూ నడిచే మనిషే కదా అనుకున్నాను.

మనాలీ నుంచి సోలాంగ్ మీదుగా ధుండీ, అక్కడి నుంచి బకర్‌థాచ్, ఆపైన లేడీ లెగ్ అనే చోట దాదాపు 3,900 మీటర్ల దగ్గర సమ్మిట్ క్యాంప్, అంటే శిఖరానికి బయల్దేరే చివరి క్యాంప్. మూడో రోజు మధ్యాహ్నం ఆకాశం మూసుకుంది. వెస్టర్న్ డిస్టర్బెన్స్. మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే ఈ వాతావరణ అలలు శీతాకాలంలో ఎక్కువ, మేలో కూడా ఒకటి రెండు వస్తూనే ఉంటాయి. రెండు రాత్రులు మంచు కురిసింది. క్యాంప్ దగ్గర అడుగు మందం చేరింది. ఒక రోజు ఆగాం. చేతిలో ఉన్న అదనపు రోజు అదొక్కటే.

మర్నాడు రాత్రి 2 గంటలకు బయల్దేరాం. మొదటి గంటలోనే గైడ్ వెనక్కి తిరిగి "కచ్చీ బరఫ్" అన్నాడు. పచ్చి మంచు. అడుగు వేస్తే పైపొర విరిగి కాలు మోకాలి దాకా దిగిపోతోంది. దాన్ని బయటికి లాగి ఇంకో అడుగు. పొద్దున 9:30కి మేమున్నది దాదాపు 4,700 మీటర్ల దగ్గర.

అక్కడ కూర్చుని లెక్క వేశాను. ఏడున్నర గంటల్లో 800 మీటర్లు, అంటే గంటకు నూరు చిల్లర. పైకి ఇంకా 589 మీటర్లు ఉంది. వేగం పెరిగే అవకాశం లేదు, ఎందుకంటే పైన గాలి పీడనం సముద్రమట్టంలో దానికి సగానికి దగ్గరవుతుంది, పైగా ఎండ ఎక్కేకొద్దీ మంచు ఇంకా మెత్తబడుతుంది. మధ్యాహ్నం మూడు దాటాక శిఖరం చేరినా, తడిసి బరువెక్కిన కొత్త మంచు ఉన్న ఏటవాలు మీదుగా సాయంత్రం దిగాలి. మంచు చరియలకు అంతకంటే అనువైన సమయం ఉండదు. దిగుదాం అన్నాను. మాస్టారు ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు.

దిగేటప్పుడు ఆయన అడిగిన ప్రశ్న మాత్రం నాకు చాలా పనికొచ్చింది. "రెండు గంటలు ముందు బయల్దేరి ఉంటే గట్టిగా ఉండేదా?" ఉండేది కాదని చెప్పాను. రాత్రంతా మబ్బు ఉంది, మంచు గట్టిపడనే లేదు. ఆయన ఆగిపోయారు. "ఇది నేను పిల్లలకు చెప్పే రేడియేషన్ పాఠమే కదయ్యా" అన్నారు. అవును. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి మంచు తన వేడిని పైకి వదిలేసి చల్లబడుతుంది. గాలి ఉష్ణోగ్రత సున్నాకు కాస్త పైన ఉన్నా ఉపరితలం గడ్డకడుతుంది. మబ్బు పట్టిన రాత్రి ఆ వేడి పోదు, దుప్పటి కప్పినట్టే.

రెండో ప్రయత్నం: దసరా

ఇక్కడి పొరపాటు పూర్తిగా నాది, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

మే అనుభవం తర్వాత నా తలలో ఉన్నది ఒకటే: ఆకాశం. మబ్బు ముంచింది కాబట్టి మబ్బులేని సీజన్ కావాలి. రుతుపవనాలు వెనుదిరిగాక హిమాలయాల్లో ఆకాశం కడిగినట్టు ఉంటుంది, దూరం దాకా శిఖరాలు కనిపిస్తాయి. పుస్తకాల్లో ఉండేదీ, నేను చెప్పేదీ అదే. మాస్టారికి దసరా సెలవులు ఉన్నాయి. ఈసారి జులై నుంచి సెప్టెంబర్ దాకా తయారీకి టైమ్ కూడా దొరికింది.

నేను చూసుకోని మొదటి విషయం క్యాలెండర్. దసరా తిథిని బట్టి వస్తుంది. 2025లో విజయదశమి అక్టోబర్ 2న వచ్చింది. అధిక ఆశ్వయుజం వచ్చిన 2020లో అక్టోబర్ 25న వచ్చింది. మూడు వారాలకు పైగా తేడా. మాకు పడింది అలాంటి ఆలస్యపు దసరానే. పర్వతానికి అధిక మాసం తెలియదు. అక్టోబర్ తొలి వారంలో శరత్తు ఉంటే, ఆఖరి వారంలో శీతాకాలం గుమ్మంలో ఉంటుంది.

రెండోది, అసలైనది: కాళ్ల కింద ఏముంటుందో ఆలోచించలేదు. శీతాకాలం, వసంతంలో కురిసిన మంచు వేసవి, వానాకాలం మొత్తం కరుగుతుంది. అక్టోబర్‌కు మిగిలేది కింద రాళ్ల గుట్టలు, పైన వట్టి గ్లేసియర్ గడ్డ. మేలో మంచు కప్పేసిన చోట ఇప్పుడు మూడు గంటలు రాళ్ల మీద గెంతుతూ నడిచాం. చీకట్లో హెడ్‌ల్యాంప్ వెలుగులో కదిలే రాళ్ల మీద నడక ఎంత అలసటో చెప్పలేను. ఆపైన నీలిరంగు గడ్డ. క్రాంపాన్ ముందు పళ్లు మాత్రమే దిగుతాయి, మడమ గాల్లో ఉంటుంది. మాస్టారు నేర్చుకున్నది పాదం మొత్తం ఆనించి నడిచే పద్ధతి. మే మంచుకు అది చాలు. గట్టి గడ్డ మీద ముందు పళ్లతో గంటల కొద్దీ నిలబడాలంటే పిక్కలకు వేరే శిక్షణ కావాలి. గైడ్ రెండు చోట్ల రోప్ కట్టాడు. మేలో మంచు మూసిన క్రెవాస్‌లు, అంటే గ్లేసియర్‌లోని లోతైన పగుళ్లు, ఇప్పుడు నోళ్లు తెరిచి ఉన్నాయి. ఒక రకంగా కనిపించడమే మేలు, కానీ చుట్టు తిరిగి వెళ్లడానికి సమయం పోయింది.

జూన్‌లో అక్కడ పగలు 14 గంటలు ఉంటుంది. అక్టోబర్ చివర 11 గంటలే. దాదాపు 4,950 మీటర్ల దగ్గర మాస్టారు గ్లవ్ తీసి చూపించారు. రెండు వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయాయి, స్పర్శ లేదు. చర్చ అక్కర్లేకపోయింది. చంకల్లో పెట్టుకుని వేడి చేసుకుంటే అరగంటకు రంగు తిరిగి వచ్చింది, తర్వాత ఏ ఇబ్బందీ మిగల్లేదు. మళ్లీ దిగిపోయాం. ఆకాశం మాత్రం నేను చెప్పినట్టే ఉంది. ఒక్క మబ్బు తునక లేదు.

ఇంకో మాట చెప్పాలి. శరత్తులో మంచు చరియలు రావనే నమ్మకం మన ట్రెక్కర్లలో బాగా ఉంది. ఉత్తరాఖండ్‌లో ద్రౌపదీ కా డాండా–2 మీద 2022 అక్టోబర్ 4న వచ్చిన మంచు చరియలో శిక్షణలో ఉన్న పర్వతారోహకులు, శిక్షకులు 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లు పర్వతాలు తెలిసినవాళ్లు. నెల పేరు చూసి ధీమా పడకూడదు.

మళ్లీ మొదటి నుంచి

ఆ చలికాలంలో మాస్టారు, నేను, మా లోకల్ గైడ్ ముగ్గురం ఫోన్‌లో చాలాసార్లు మాట్లాడుకున్నాం. నేను ప్రశ్ననే మార్చాను. "ఎప్పుడు ఆకాశం బాగుంటుంది?" అని కాకుండా "ఏ రోజుల్లో, రాత్రి ఏ గంట నుంచి పగలు ఏ గంట దాకా, ఆ వాలు మీద ఈ మనిషి కాలు నిలిచే మంచు ఉంటుంది?" అని అడిగాను. గైడ్ వెంటనే చెప్పాడు: జూన్ రెండో వారం.

కారణాలు ఒకదాని మీద ఒకటి పేర్చి చూసుకున్నాం. మే అంతా మంచు పగలు కరిగి రాత్రి గడ్డకడుతూ ఉంటుంది. అలా కొన్ని వారాలు గడిచాక రేణువులు గుండ్రబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. గైడ్లు పక్కీ బరఫ్ అంటారు, మన మాటల్లో ముదురు మంచు. తెల్లవారుజామున దాని మీద క్రాంపాన్ కరకరమంటూ దిగుతుంది. క్రెవాస్‌లు చాలావరకు ఇంకా మూసే ఉంటాయి, అందుకే రోప్ తప్పనిసరి, కానీ దారి నేరుగా ఉంటుంది. జూన్‌కి వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లు పలచబడతాయి. రుతుపవనాలు కేరళను తాకేది మామూలుగా జూన్ 1 ప్రాంతంలో, హిమాచల్ చేరేది జూన్ 20 దాటాక. డిస్టర్బెన్స్‌లు పలచబడటానికీ, హిమాచల్‌కు రుతుపవనాలు చేరడానికీ మధ్య మిగిలే సందు రెండు వారాలు, అంతే.

చిక్కు ఒకటే. జూన్ 1న కాలేజీలు తెరుస్తారు.

నన్ను అడిగితే ఈ కేసులో కీలకమైన నిర్ణయం మాస్టారిదే. "అయితే సెలవుల్లో తయారవుతాను, సెలవు పెట్టి ఎక్కుతాను" అన్నారు. అప్పటిదాకా మేమిద్దరం సెలవులకు శిఖరాన్ని సర్దాలని చూశాం. ఆయన తిప్పేశారు. మే నెల మొత్తం తెల్లవారి నాలుగున్నరకే లేచి, ఎండ రాకముందు గుడి మెట్ల మీద నీళ్ల సీసాలు నింపిన 12 కిలోల బ్యాగుతో గంటన్నర ఎక్కి దిగారు. జూన్‌లో తోటి లెక్చరర్‌తో డ్యూటీలు మార్చుకుని పది రోజులు సెలవు పెట్టారు.

మే మధ్య నుంచి నాలుగు రోజులకోసారి గైడ్‌కి ఫోన్ చేశాను. ఫోన్ యాప్‌లో వెదర్ చూడటం మానలేదు, కానీ అది లోయ గురించి చెబుతుంది, వాలు గురించి కాదు. గైడ్‌ని మూడే అడిగేవాణ్ని. రాత్రి మంచు గట్టిపడుతోందా? లేడీ లెగ్ దగ్గర మంచు ఎంత వరకు దిగి ఉంది? ఈ వారంలో ఎన్ని మధ్యాహ్నాలు ఉరుములొచ్చాయి? వాటితోపాటు రుతుపవనాల ఉత్తర హద్దు ఎక్కడిదాకా వచ్చిందో వాతావరణ శాఖ ఇచ్చే మ్యాప్ రోజూ చూసేవాణ్ని.

మూడో ప్రయత్నం: జూన్ రెండో వారం

ఈసారి అదనపు రోజులు రెండు పెట్టుకున్నాం. బకర్‌థాచ్‌లో ఒక రాత్రి ఎక్కువ పడుకున్నాం. పగలు ఎత్తుకు వెళ్లి రాత్రి కిందకు వచ్చి పడుకోవడం, 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును ఒక రాత్రికి 500 మీటర్ల కంటే పెంచకపోవడం అనే పాత నియమాన్ని మొదటి రెండుసార్లూ సెలవుల ఒత్తిడిలో కాస్త సాగదీశాం. ఈసారి సాగదీయలేదు. చివరి క్యాంప్ కాస్త పైకి, దాదాపు 4,150 మీటర్లకు మార్చాం.

ఒక సాయంత్రం ఉరుములు, చిన్న వడగళ్లు. బయల్దేరలేదు. మాస్టారు టెన్షన్ పడ్డారు, ఒక అదనపు రోజు పోయిందని. మర్నాడు రాత్రి తొమ్మిదికి టెంట్ బయటికి వస్తే నక్షత్రాలు. గైడ్ బూటుతో మంచును తన్ని చూశాడు, చప్పుడు విని తల ఊపాడు. 11 గంటలకు కదిలాం. ఎక్కడున్నా వెనుదిరగాల్సిన సమయాన్ని మేలో పెట్టుకున్న పొద్దున పది గంటల నుంచి ఎనిమిదికి తగ్గించాను, మొదలుపెట్టిందే మూడు గంటలు ముందు కాబట్టి.

పొద్దున 6:50కి మాస్టారు శిఖరం మీద ఉన్నారు. 1,139 మీటర్లు, ఏడు గంటల యాభై నిమిషాలు. గంటకు సుమారు 145 మీటర్లు. మేలో నూరు చిల్లర. ఆ తేడా పేపరు మీద చిన్నదే, అక్కడ మాత్రం అదే మొత్తం కథ. ఇరవై నిమిషాలు ఉండి దిగడం మొదలుపెట్టాం. తొమ్మిదిన్నరకు ఏటవాలు దాటేశాం. పదకొండింటికి క్యాంప్ దగ్గర కూర్చుని చాయ్ తాగుతూ వెనక్కి చూస్తే, మా అడుగుజాడల్లోనే దిగుతున్న ఇంకో బృందం మోకాళ్ల దాకా కూరుకుపోతోంది. అదే వాలు, అదే రోజు.

ఈ కేసు నుంచి నేను తీసుకున్నవి

గెలుపంతా సీజన్‌దే అని చెప్పను. మూడోసారి మాస్టారి కాళ్లు వేరు, క్యాంప్ వేరు, అలవాటుపడిన రోజులు వేరు, గంట వేరు. కానీ ఇవన్నీ కుదిరింది జూన్ ఎంచుకోవడం వల్లే. మే అయితే తయారీకి వ్యవధి లేదు. దసరా అయితే ఆయన నేర్చుకున్న నడకకు తగిన నేల లేదు. ఇప్పుడు ఎవరైనా నన్ను సీజన్ అడిగితే ముందు వాళ్ల ఏడాది ఎలా నడుస్తుందో అడుగుతున్నాను. పరీక్షలు, ఆడిట్లు, పెళ్లిళ్లు, ఎండలు, అన్నీ. ఎక్కే నెలకు ముందు ఆరు వారాలు ఎలా గడుస్తాయో తెలియకుండా నెల చెప్పడం లేదు.

రెండోది, ఒక శిఖరం సీజన్ ఇంకో శిఖరానికి అప్పుగా ఇవ్వకూడదు. ఫ్రెండ్‌షిప్ పీక్‌కి జూన్ అన్నానని పక్క లోయకు కూడా జూన్ అనుకుంటే తప్పు. రోహ్‌తాంగ్ దాటితే లాహౌల్, అక్కడ రుతుపవనాల జోరు తగ్గిపోతుంది. బారాలాచా లా కనుమ దగ్గర ఉన్న యూనమ్ (6,111 మీటర్లు) జులై, ఆగస్టులలో ఎక్కుతారు. మధ్యలో ఉన్నది ఒక పర్వత శ్రేణి, అడ్డంగా తొలిచిన తొమ్మిది కిలోమీటర్ల అటల్ టన్నెల్. టన్నెల్‌కి ఈ చివర వాన, ఆ చివర ఎండ చాలాసార్లు చూశాను.

మూడోది నా తప్పు గురించి. మేలో ఓడిపోయిన కారణాన్ని పట్టుకుని, దానికి విరుగుడుగా అక్టోబర్‌ని ఎంచుకున్నాను. ఒక ఓటమికి మందు వెతుకుతూ మిగతావి చూడటం మరిచాను. ఇప్పుడు ఏ శిఖరానికైనా రోడ్డు, నేల, ఆకాశం, పగటి పొడవు, మనిషి, ఈ ఐదింటికీ విడివిడిగా ఏ వారాలు బాగుంటాయో ఒక కాగితం మీద గీస్తాను. ఐదూ కలిసే చోటు చాలా చిన్నదిగా వస్తుంది. ఒక్కోసారి అసలు రాదు, అప్పుడు ఆ ఏడాదికి వద్దని చెప్పేస్తాను.

మాస్టారు ఇప్పుడు యూనమ్ గురించి అడుగుతున్నారు. ఆగస్టులో సెలవులు లేవు, మనాలీ దాకా వెళ్లే దారి వానాకాలంలో ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలుసు. కింద వాన తగ్గి, పైన చలి ముదరకముందు సెప్టెంబర్ మొదటి సగం ఆయనకు దొరుకుతుందేమో చూస్తున్నాం. గైడ్‌ని అడగాల్సిన ప్రశ్నలు ఈసారి ఆయనే రాసి వాట్సాప్‌లో పంపారు. ఏడు ప్రశ్నలున్నాయి. మొదటిది మంచు గురించి కాదు: "కులు నుంచి మనాలీ రోడ్డు పోయిన ఏడాది ఆగస్టులో ఎన్ని రోజులు మూతపడింది?"